నల్లా నీళ్లు, బోరు నీళ్లు: పాఠకుల సందేహాలు

ప్రశ్న: మాకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. చాలనప్పుడు బోరు నీళ్లు కూడా అదే సంపులోకి వదులుతున్నాం. గీజరు తరచూ చెడిపోతోంది. కుక్కర్లో ఎన్ని విజిళ్లు వచ్చినా కందిపప్పు పలుకుగానే ఉంటోంది. పరీక్ష చేయిస్తే బోరు నీటి కాఠిన్యం లీటరుకు 640 మిల్లీగ్రాములు, నల్లా నీటిది 140 అని తేలింది. సంపులో పటిక వేస్తే ఇది తగ్గుతుందని పక్కింటివారు అంటున్నారు. నిజమేనా?
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: పటికతో కాఠిన్యం తగ్గదు. నీటిలో తేలాడే మట్టి రేణువులను దగ్గరకు చేర్చి అడుగుకు దించడం వరకే దాని పని. చిల్లగింజ అరగదీసి కలిపినా జరిగేది అదే. కాఠిన్యానికి కారణమైన కాల్షియం, మెగ్నీషియం నీటిలో పూర్తిగా కరిగి ఉంటాయి కాబట్టి అవి పటికకు చిక్కవు.

మీకు కావలసిన జవాబు మీరు పంపిన అంకెల్లోనే ఉంది. తాగునీటికి మన దేశంలో పాటించే ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం 200 మిల్లీగ్రాములకు మించకూడదు. వేరే నీటి వసతి లేని చోట మాత్రం 600 వరకు అనుమతిస్తారు. మీ నల్లా నీరు మొదటి హద్దులోనే ఉంది, బోరు నీరు రెండో హద్దును కూడా దాటింది. రెండూ సగం సగం కలిస్తే సంపులో కాఠిన్యం 390 దాకా ఉంటుంది. అంటే ఇంటికి వచ్చిన మంచి నీటిని మీరే చేజేతులా చెడగొట్టుకుంటున్నారు. పైగా శుద్ధి కేంద్రంలో కలిపిన క్లోరిన్ కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. బోరు నీరు కలిసిన సంపులో ఆ కొద్దిపాటి రక్షణ కూడా పలచబడిపోతుంది.

ఒకే ఇంట్లో రెండు నీళ్లకు ఇంత తేడా ఎందుకంటే, మీ నల్లాకు వచ్చేది దేవాదుల ఎత్తిపోతల ద్వారా ధర్మసాగర్ జలాశయానికి చేరే గోదావరి నీరు. అది ప్రధానంగా వాన నీరు, నేల మీద పారి వచ్చిన నీరు. బోరు నీరు అలాంటిది కాదు. హనుమకొండలోని పద్మాక్షి గుట్ట మీద కనిపించే రాయే మన ఇళ్ల కింద కూడా ఉంది. ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు దానిలోని లవణాలను కరిగించుకుంటుంది. బోరు లోతుగా వేస్తే తియ్యటి నీళ్లు పడతాయని చెప్పేవారి మాట నమ్మి ఖర్చు పెట్టకండి. లోతుకు పోయేకొద్దీ లవణాలు పెరిగిన బోర్లూ ఉన్నాయి.

కాబట్టి మేడ మీద బోరు నీటికి వేరే ట్యాంకు పెట్టించి, వంటగదికి, గీజరుకు నల్లా నీరు మాత్రమే వెళ్లేలా పైపులు విడదీయించండి. మరుగుదొడ్డికి, వాకిలి కడగడానికి, మొక్కలకు బోరు నీరు చాలు. పప్పు ఉడకకపోవడానికి కారణం, గింజను పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థంతో నీటిలోని కాల్షియం కలిసి దాన్ని గట్టిపరచడమే. పప్పును నల్లా నీటిలోనే నానబెట్టి, ఆ నీటిలోనే ఉడికించి చూడండి. చిటికెడు వంట సోడా వేసినా మెత్తబడుతుంది కానీ బి1 విటమిన్ నష్టపోతాం, రుచీ చెడుతుంది. నేను సలహా ఇవ్వను.

గీజరు సంగతి చెప్పాలి. నీరు కాగినప్పుడు అందులోని బైకార్బొనేట్లు విడిపోయి సున్నపు పొరగా కాయిల్ మీద గట్టిపడతాయి. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు, కాయిల్ మాడిపోతుంది. వేడి ఎక్కువ పెట్టేకొద్దీ పొర త్వరగా కడుతుంది కాబట్టి థర్మోస్టాట్‌ను 50 డిగ్రీల దగ్గరే ఉంచండి. కుళాయిల జల్లెడ మీద, గిన్నెల అడుగున పట్టిన తెల్లటి గార గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి కాసేపు నానబెడితే వదులుతుంది. అయితే ఆ నీటిని బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎన్నడూ కలపకండి, విషపు క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

ప్రశ్న: ఉప్పు నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయని భయపడి ఆర్‌ఓ యంత్రం పెట్టించాలనుకుంటున్నాం. అమ్మేవాడు పెన్ను లాంటి మీటరు ముంచి, మా నల్లా నీటి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు) లీటరుకు 310 మిల్లీగ్రాములు ఉందని, అది ప్రమాదమని అన్నాడు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, పరకాల

జవాబు: 310 ప్రమాదం కాదు, ప్రమాణం ప్రకారం 500 వరకు నిరభ్యంతరం. టీడీఎస్ 500 లోపు ఉన్న చోట ఆర్‌ఓ యంత్రాలను నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా. యంత్రం ఒక లీటరు మంచి నీరు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటకు పారబోస్తుందని అమ్మేవారు ముందుగా చెప్పరు. కాఠిన్యం వల్లనే రాళ్లు వస్తాయని స్పష్టమైన ఆధారాలు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాఠిన్యానికి ఆరోగ్యపరమైన హద్దు ఏదీ పెట్టలేదు. మన వైపు ఎండలకు చెమట పోసి, సరిపడా నీళ్లు తాగకపోవడం అంతకంటే పెద్ద కారణం. ఇదివరకే రాళ్లు ఉన్నవారు వైద్యుని మాట వినాలి.

ఆ మీటరు ఏం చూడదో తెలుసుకోవడం ముఖ్యం. సూక్ష్మజీవులు దానికి కనిపించవు. ఫ్లోరైడ్, నైట్రేట్ విడిగా ఎంత ఉన్నాయో కూడా చెప్పలేదు. ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటినా, సెప్టిక్ ట్యాంకుల వల్ల నైట్రేట్ 45 దాటినా తాగకూడదు. కాచినంత మాత్రాన అవి పోవు సరికదా, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడతాయి. మీరు బోరు నీరు తాగుతున్నట్లయితే ముందు ఈ రెండింటికి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. అవి ఎక్కువగా తేలితే అప్పుడు ఆర్‌ఓ కొనడంలో అర్థం ఉంది. నల్లా నీరే తాగేవారికి కాచి చల్లార్చుకోవడం సరిపోతుంది.

ప్రశ్న: పొద్దున నల్లా తిప్పగానే పాలలాంటి నీళ్లు వస్తున్నాయి. ధార సన్నగా ఉంటుందని నల్లాకు మోటారు బిగించాం. తాగవచ్చా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: గాజు గ్లాసులో పట్టి ఒక నిమిషం ఆగండి. తెలుపు కింది నుంచి పైకి తేటపడితే అది గాలి బుడగలే, భయం లేదు. అడుగున మడ్డి దిగితే మట్టి. కాసేపటికి పసుపు తిరిగితే ఇనుము.

మోటారు మాత్రం తీసేయండి. సరఫరా లేని వేళ ఖాళీగా ఉన్న పైపుకు ఎక్కడో చిన్న పగులు ఉంటే, పక్కనున్న మురుగు లోపలికి ఇంకుతుంది. మోటారు ఆ మురుగును బలంగా లాగి మీ ఇంటికే కాక వీధి మొత్తానికీ పంచుతుంది. నల్లా వదిలిన మొదటి నాలుగైదు నిమిషాల నీటిని బకెట్‌లో పట్టి మొక్కలకు పోయండి. అనుమానం తీరకపోతే హెచ్2ఎస్ సీసా అనే చౌక పరీక్ష ఉంది: గీత వరకు నీరు నింపి, మూత బిగించి, వెచ్చని చోట ఉంచితే ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడవచ్చు. నల్లబడితే మలసంబంధ కాలుష్యం ఉందని అనుమానించి, నీరు కాచకుండా తాగకండి, ఆ సీసాతోనే వార్డు కార్యాలయంలో ఫిర్యాదు చేయండి.