నాన్న వైద్యానికి 8 లక్షల లోన్ తీసుకోవాలా?

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 62 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు. కరీంనగర్ దగ్గర ఊళ్లో ఉండే నాన్నకు (63) పాంక్రియాస్‌లో (క్లోమం) అడినోస్క్వామస్ కార్సినోమా అనే క్యాన్సర్ ఉందని బయాప్సీలో తేలింది. కంపెనీ పాలసీలో నాన్నకు 3 లక్షల కవర్ ఉంది. ఎఫ్‌డీ 2 లక్షలు, నెలకు 10 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) ఉన్నాయి. టెస్టుల కోసం లోన్ యాప్‌లో 80 వేలు తీసుకున్నాను. 8 లక్షల పర్సనల్ లోన్ తీసుకుని, ఉద్యోగం మానేసి నాన్న దగ్గరే ఉండాలనుకుంటున్నాను.

జవాబు: మీ ఇంటి పరిస్థితి చదివి చాలా బాధ కలిగింది. నాన్నగారికి వచ్చింది అరుదైన రకం, మామూలు పాంక్రియాస్ క్యాన్సర్ కన్నా వేగంగా ముదురుతుంది. వైద్యంలో తొందర తప్పదు. ఆ తొందర అప్పులో పనికిరాదు.

యాప్‌లో అప్పేమిటండీ! ఎఫ్‌డీ చేతిలో ఉండగా? దాన్ని రేపే తీసి ఆ 80 వేలు కట్టేయండి. 8 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 18,600, మొత్తం కట్టేది 11 లక్షలు దాటుతుంది. ఇంటి ఈఎంఐ కూడా పోతే మీకు మిగిలేది 22 వేలు. ఉద్యోగం మానేస్తే అదీ ఉండదు.

మీలా సిప్ నడుపుతూ అత్యవసర నిధి లేనివాళ్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తారు. క్యాన్సర్‌లో పాలసీ ఇవ్వని ఖర్చులు బోలెడు: నాన్న వెంట ఉండేవాళ్ల గది అద్దె, ప్రయాణాలు, జీతం లేని సెలవులు. వీటికి కావలసింది చేతిలో డబ్బు. సిప్ ఆపండి. ఎఫ్‌డీలో మిగిలిన లక్షా ఇరవై వేలు, నెలనెలా ఆ పది వేలు వేరే ఖాతాలో వేయండి. మూడు నెలల ఈఎంఐకి సరిపడా 63 వేలు అందులో ఎప్పుడూ కదలకూడదు.

నాన్నగారికి ఊళ్లో విడిగా రేషన్ కార్డు ఉందా? ఉంటే లోన్ మాట పక్కన పెట్టి ముందు ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను (రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ ఉచిత వైద్యం అందేలా సాయం చేసే ఉద్యోగి) కలవండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి 10 లక్షలు. ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి హైదరాబాద్‌లోనే ఉంది. స్కాన్, బయాప్సీ బిల్లుల అసలు కాపీలు పారేయకండి. ఆస్పత్రిలో చేరడానికి ముందు 30 రోజుల ఖర్చు చాలా గ్రూప్ పాలసీలు ఇస్తాయి.

ఇంకా తక్కువైతే పీఎఫ్ అడ్వాన్స్, ఆ తర్వాతే బ్యాంకులో బంగారం లోన్. మీకు, మీ ఇంట్లోవాళ్లకు కంపెనీతో సంబంధం లేని సొంత ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

ఉద్యోగం మాత్రం వదలకండి. మీరు రాజీనామా చేస్తే నాన్నగారి 3 లక్షల కవర్ కూడా పోతుంది. జీతం లేని సెలవు పెడితే పాలసీ కొనసాగుతుందా అని హెచ్‌ఆర్‌ను అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి.