రంగస్థలం నుంచి తెర మీదికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నాటకాన్ని రెండుసార్లు చదివాను. రెండోసారి గొంతెత్తి చదివినప్పుడు, రెండో అంకంలో తండ్రి చెప్పే పొడవాటి సంభాషణ దగ్గర ఊపిరి చాలలేదు. నా తొలి నాటకం రిహార్సల్స్‌లో ఇలాంటి చోటే ఒక నటుడు రోజూ తడబడుతుంటే, లోపం అతనిదేనని నమ్మాను. ఒక సాయంత్రం అతను ఆ మాటలు పూర్తిగా మరచిపోయి, కుర్చీ వెనక్కి జరిపి, ఏమీ అనకుండా లేచి నిలబడ్డాడు. ఆ పేరా మొత్తం చెప్పలేనిది ఆ కదలికలో వినిపించింది. ఆ రాత్రే దాన్ని కొట్టేశాను.

సినిమాకు రాయడం మొదలుపెడితే నాటకం చేజారిపోతుందేమోనని అడిగావు. ఇంగ్లిష్ నాటక రచయిత హెరాల్డ్ పింటర్‌ను చూడు. రచయిత కాకముందు ఊరూరా తిరిగే నాటక బృందాల్లో డేవిడ్ బారన్ అనే పేరుతో నటించాడు కనుక, మౌనం ఎంతసేపు నిలుస్తుందో వేదిక మీదే తెలుసుకున్నాడు. 1958లో అతని నాటకం ‘ది బర్త్‌డే పార్టీ’ లండన్‌లో ఎనిమిది ప్రదర్శనలతోనే ఆగిపోయింది. దాన్ని మెచ్చుకుంటూ విమర్శకుడు హెరాల్డ్ హాబ్సన్ రాసిన సమీక్ష అచ్చయ్యేసరికి ప్రదర్శనలు ముగిశాయి. రెండేళ్లకు ‘ది కేర్‌టేకర్’ నాటకం అతన్ని నిలబెట్టింది. 1963లో ‘ది సర్వెంట్’ చిత్రానికి స్క్రీన్‌ప్లే రాసినా నాటకాన్ని వదల్లేదు. ‘ద ఫ్రెంచ్ లెఫ్టినెంట్స్ ఉమన్’ నవలలో, పాత కాలపు కథను నేటి మనిషిగా వ్యాఖ్యానించే కథకుడొకడు ఉంటాడు. ఆ గొంతును నేపథ్య వ్యాఖ్యానంగా పెట్టడం సులువు. ఆ నవలను సినిమాకు రాసిన పింటర్ మాత్రం, ఆ కథను సినిమాగా తీస్తున్న ఇద్దరు నటుల ప్రేమకథను పక్కన అల్లి, కథకుడు చెప్పవలసినదాన్ని కంటికి కనిపించేలా చేశాడు. నువ్వు నేర్చుకోవలసిన పని అదే.

ఇంకొక సంగతి కూడా తెలిసి వెళ్లు. నాటకంలో రచయిత అనుమతి లేకుండా మాట మార్చకూడదన్న మర్యాద ఉంది. సినిమాకు స్క్రిప్ట్ అమ్మాక దాన్ని మరొకరు తిరగరాయవచ్చు, అసలు తీయకపోవచ్చు. ఫ్రెంచ్ రచయిత ప్రూస్ట్ నవల ఆధారంగా 1972లో పింటర్ రాసిన స్క్రీన్‌ప్లే తెర మీదికి రానే లేదు. అందుకే పారితోషికం, పేరు, ఎన్నిసార్లు తిరగరాయాలన్నది ముందే కాగితం మీద రాయించుకో. మొహమాటపడి నేను రెండేళ్ల శ్రమ పోగొట్టుకున్నాను, నీకు అది జరగకూడదు.

ఇప్పటికి ఆ తండ్రి సంభాషణను ఇద్దరు నటుల చేత చదివించి, వాళ్లు ఆగిన ప్రతిచోటా గీత గీసి, ఆ ప్రతిని నాకు పంపు.