మూత్రంలోని ప్రొటీన్ వేరు, కంచంలోని ప్రొటీన్ వేరు

మీ నాన్నగారికి రెండోసారి కిడ్నీలో రాయి వచ్చిందనీ, రాళ్లలో ప్రొటీన్ ఉంటుందని ఎక్కడో చదివారనీ, అందుకని ఇంట్లో పప్పు, గుడ్లు మాన్పించాలా అనీ అడిగారు. నేను వైద్యుణ్ని కాను. డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ని, ఏడేళ్ల క్రితం ఎడమ మూత్రనాళంలో ఇరుక్కున్న 8 మిల్లీమీటర్ల రాయిని లేజరుతో పగలగొట్టించుకుని తీయించుకున్నవాణ్ని. ఆ అనుభవంతోనూ, ఆ తరువాత పట్టుబట్టి చదివినదానితోనూ ఈ సమాధానం రాస్తున్నాను.

ఆపరేషన్ తరువాత రాయి ముక్కలను చిన్న సీసాలో వేసి నా చేతికిచ్చారు. ఒక ముక్క పరీక్షకు వెళ్లి, ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్ అని రిపోర్టు వచ్చింది. కిడ్నీ రాళ్లలో దాదాపు నూటికి ఎనభై కాల్షియంతో కూడినవే కనుక అందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యపరిచింది రెండో ముక్క. నువ్వుగింజకంటే కొంచెం పెద్దదైన ఆ ముక్కను, కాల్షియాన్ని పట్టి లాగేసే ఈడీటీఏ ద్రావణంలో వేసి, మధ్యమధ్య ద్రావణం మారుస్తూ పదిహేను రోజులు ఉంచాను. ఖనిజమంతా కరిగిపోయాక గాజు పళ్లెంలో ఏమీ మిగలదనుకున్నాను. కానీ భూతద్దంతో చూస్తే ఉల్లిపొరలాంటి పల్చని లేత గోధుమరంగు పదార్థం, అదే ముక్క ఆకారంలో, నీళ్లు కదిపితే కదులుతూ కనిపించింది. రాయి పోయినా రాయి రూపం మిగిలింది!

వైద్యశాస్త్రంలో దీన్ని మ్యాట్రిక్స్ అంటారు. మామూలు కాల్షియం రాళ్ల బరువులో ఇది రెండు మూడు శాతమే, అందులోనూ అధికభాగం ప్రొటీన్లు. బరువులో ఇంత తక్కువ ఉన్నా స్ఫటికాల మధ్య, పొరపొరకూ ఇదే పరుచుకుని ఉంటుంది. పాతకాలపు గోడలకు సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపేవారు చూడండి, గోడలో వాటి బరువెంత? అయినా గచ్చు గట్టిపడటంలో వాటి పాత్ర వాటికి ఉండేది. రాయిలో ప్రొటీన్ స్థానాన్ని నేను అలా ఊహించుకుంటాను.

అంతమాత్రాన ప్రొటీనే దోషి అనుకుంటే పొరపాటు. నిజానికి మూత్రంలోని ప్రొటీన్లలో చాలావాటి అసలు పని రాయి కట్టకుండా కాపలా కాయడమే. మనందరి మూత్రంలోనూ కాల్షియం ఆక్సలేట్ తరచూ కరగగల హద్దును దాటే ఉంటుంది. బీకరులోని శుద్ధమైన నీటిలో అయితే ఆ గాఢతకు స్ఫటికాలు పేరుకోవాలి. అయినా అందరికీ రాళ్లు రావడం లేదంటే సిట్రేట్ (నిమ్మరసంలోనూ ఉండేదే), మెగ్నీషియం వంటి చిన్న పదార్థాలతో పాటు ఈ ప్రొటీన్లు అడ్డుపడుతూ ఉండటం ఒక కారణం.

వీటిలో ముందుగా చెప్పవలసింది యూరోమోడ్యులిన్. ఆరోగ్యవంతుల మూత్రంలో అన్నింటికంటే ఎక్కువగా ఉండే ప్రొటీన్ ఇదే, కిడ్నీయే దీన్ని తయారుచేసుకుంటుంది. 1950లో ఇగోర్ టామ్, ఫ్రాంక్ హోర్స్‌ఫాల్ అనే శాస్త్రవేత్తలు వైరస్‌లు ఎర్రరక్తకణాలను గుంపుకట్టించడాన్ని అడ్డుకునే పదార్థం కోసం వెతుకుతూ దీన్ని వేరుచేశారు, కనుక టామ్-హోర్స్‌ఫాల్ ప్రొటీన్ అని కూడా అంటారు. స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూడటంలో ఇది దిట్ట. ఈ ప్రొటీన్ తయారుకాకుండా జన్యువును తొలగించిన ఎలుకల కిడ్నీలలో కాల్షియం స్ఫటికాలు చేరడం ప్రయోగాలలో కనిపించింది.

చిక్కు ఎక్కడంటే, మూత్రం చిక్కబడి, ఉప్పు, కాల్షియం పెరిగి, ఆమ్లత్వం ఎక్కువైనప్పుడు యూరోమోడ్యులిన్ అణువులు తమలో తామే ముద్దకడతాయి. ముద్దకట్టిన కాపలాదారు కాపలా కాయలేడు సరికదా, స్ఫటికాలు చిక్కుకునే వలగా మారతాడు. మే నెల ఎండలో నాలుగు గంటలు నీళ్లు తాగకుండా పాఠాలు చెప్పిన రోజుల్లో నాలోపల జరిగింది బహుశా ఇదేనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఆస్టియోపాంటిన్ అనే మరో ప్రొటీన్‌దీ ఇలాంటి రెండు ముఖాల కథే. దీనిలోని ఆస్పార్టిక్ ఆమ్లానికీ ఫాస్ఫేట్ గుంపులకూ ఋణావేశం ఉంటుంది, కాల్షియానిది ధనావేశం. అందువల్ల ఇది స్ఫటికం అంచులకు అంటుకుని, కొత్త పొర చేరకుండా పెరుగుదలను నిలిపేస్తుంది. విడిగా ద్రావణంలో తేలుతున్నప్పుడు ఇది మేలు చేస్తుంది. అదే ఏదైనా ఉపరితలానికి అతుక్కుని కదలకుండా ఉన్నప్పుడు, కాల్షియాన్ని చేరదీసి స్ఫటికానికి పీట వేయగలదు. కిడ్నీ లోపల మూత్రం ఊరి బయటికొచ్చే మొనలాంటి భాగం, పాపిల్లా, మీద తెల్లని మచ్చలు ఏర్పడతాయని అలెగ్జాండర్ రాండాల్ 1937లోనే గుర్తించారు. కాల్షియం ఫాస్ఫేట్‌తో ఏర్పడే ఆ మచ్చలలోనూ ఆస్టియోపాంటిన్ దొరుకుతుంది, చాలామందిలో కాల్షియం ఆక్సలేట్ రాయి వాటిమీదే కూర్చుని పెరుగుతుంది. మూత్రం కిడ్నీ గొట్టాలలో నిలిచేది కొద్ది నిమిషాలే కనుక, విడి స్ఫటికం అంత తక్కువ సమయంలో గొట్టానికి అడ్డుపడేంత పెరగలేదు. రాయి కావాలంటే ఎక్కడో ఒకచోట పట్టు దొరకాలి, లేదా స్ఫటికాలు గుంపుగా అతుక్కోవాలి. ప్రొటీన్ మంచిచెడ్డలు తేలేది ఆ ఘట్టంలోనే. (ఇన్ఫెక్షన్‌తో వచ్చే మెత్తని మ్యాట్రిక్స్ రాళ్లు వేరు. అవి అరుదు, వాటిలో సగానికి పైగా ప్రొటీనే.)

ఇక మీరు అడిగిన కంచం సంగతి. తిన్న పప్పులోని ప్రొటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది నేరుగా వెళ్లి రాయిలో జిగురుగా చేరదు. అయితే మాంసం, చేపలు, గుడ్లు మితిమీరి తిన్నప్పుడు శరీరంలో ఆమ్లభారం పెరుగుతుంది. దానివల్ల మూత్రంలో కాల్షియం పెరిగి, రాయిని అడ్డుకునే సిట్రేట్ తగ్గుతుంది. మాంసం, చేపల వల్ల యూరిక్ ఆమ్లమూ పెరుగుతుంది. పప్పుల వల్ల ఈ బెడద చాలా తక్కువ. రాళ్లు వచ్చినవారికి సాధారణంగా చెప్పేది శరీరబరువు కిలోకు రోజుకు 0.8 నుంచి 1 గ్రాము ప్రొటీన్ అని. అంటే 65 కిలోల మనిషికి 52 నుంచి 65 గ్రాములు. మన ఇళ్లలో చాలామంది తినేది అంతకు మించదు, కనుక మీ నాన్నగారి పప్పన్నం జోలికి వెళ్లకండి. రోజుకొక గుడ్డుతో కూడా ముప్పేమీ లేదని నా అభిప్రాయం. ఆదివారం మాంసం పరిమాణం, అంతకంటే ముఖ్యంగా ఊరగాయ, అప్పడాల ఉప్పు తగ్గించండి.

మొదట నన్ను చూసిన డాక్టరు గారు పాలు, పెరుగు కూడా మానమన్నారు. ఏడాదిపాటు మజ్జిగ లేని భోజనం చేశాను, అది అనవసరపు శిక్ష అని తరువాత తెలిసింది. ఇటలీలో 120 మంది పురుషులపై అయిదేళ్లు జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, కాల్షియం తగ్గించిన 60 మందిలో 23 మందికి రాళ్లు తిరగబెట్టగా, కాల్షియం మామూలుగా ఉంచి ఉప్పు, జంతు ప్రొటీన్ తగ్గించినవారిలో 12 మందికే తిరగబెట్టాయి. తిండిలోని కాల్షియం, తిండితోనే వచ్చిన ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టి బయటికి పంపేస్తుంది మరి.

బంధువులు కొండపిండి ఆకు పప్పు, ఉలవకట్టు, అరటిదవ్వ రసం చెప్పే ఉంటారు, నాకూ చెప్పారు, కొన్ని తిన్నాను. నేను గట్టిగా చెప్పగలిగింది మాత్రం రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు, వాటిలో రెండు పూటలా ఉప్పు వేయని నిమ్మరసం. గుండె జబ్బు, క్రియాటినిన్ సమస్య (అంటే కిడ్నీ పనితీరు తగ్గడం) ఉంటే మాత్రం నీళ్ల లెక్క డాక్టరును అడిగాకే. అలాగే మూత్ర పరీక్ష రిపోర్టులో అల్బుమిన్ అనే ప్రొటీన్ ఉందని రాస్తే అది ఈ కథలోని ప్రొటీన్ కాదు, కిడ్నీ జల్లెడకు సంబంధించిన వేరే విషయం, దాన్ని విడిగా చూపించుకోవాలి.

ఈసారి నొప్పి మొదలైతే టీ వడపోసే పాత జల్లెడ ఒకటి బాత్‌రూములో పెట్టండి. పడిన రాయిని కడిగి, ఆరబెట్టి, సీసాలో వేసి డాక్టరుకు ఇమ్మనండి. అది కాల్షియం రాయో, యూరిక్ ఆమ్లం రాయో తెలియకుండా కంచంలోంచి ఏదీ తీయకండి.