తుపాకి సందేహం: ముందు వీసా, ఆ తరువాత రాష్ట్రం

హెచ్-1బి మీద డాలస్ చేరిన మన పిల్లలు నన్ను తరచుగా అడిగే సందేహం ఒకటుంది: "అంకుల్, టెక్సాస్‌లో 2021 నుంచి పర్మిట్ లేకుండానే పిస్టల్ పెట్టుకుని తిరగవచ్చట కదా, మేమూ ఒకటి కొనుక్కోవచ్చా?" కొనకూడదు. ఆ సడలింపు తుపాకి కలిగి ఉండటానికి అర్హత ఉన్నవారికే వర్తిస్తుంది. ఎఫ్-1, హెచ్-1బి, హెచ్-4 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకి గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టమే నిషేధించింది. ఏ రాష్ట్రమూ దానిని సడలించలేదు. 2022 సవరణ తరువాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్ కార్డు చేతికి వచ్చాకే ఈ నిషేధం తొలగుతుంది.

"కొనము, శనివారం షూటింగ్ రేంజ్‌లో తుపాకి అద్దెకు తీసుకుని నాలుగు రౌండ్లు కాలుస్తాం, అంతే" అనేవారు ఇంకొందరు. అద్దె తుపాకిని చేతిలోకి తీసుకోవడమూ చట్టం దృష్టిలో దగ్గర ఉంచుకోవడమే. ఫ్లోరిడాలో చదువు మధ్యలో ఆగి విద్యార్థి హోదా కోల్పోయిన ఒక విదేశీ యువకుడు రేంజ్‌కు వెళ్లి కాల్చినందుకే శిక్షకు గురయ్యాడు. తన హోదా సంగతి అతనికి తెలుసునని ప్రభుత్వం నిరూపించాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది గాని, తన వీసా ఏమిటో తెలిసిన మనవాళ్లకు ఆ తీర్పు అక్కరకు రాదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉన్నమాట నిజమే. అయితే దానిని నమ్ముకునే ముందు ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగండి. తుపాకి నేరం రుజువైతే గ్రీన్ కార్డు ఉన్నవారినైనా దేశం నుంచి పంపించవచ్చు.

అర్హత వచ్చాక అసలు చిక్కు రాష్ట్రాలతో మొదలవుతుంది. 2019లో పౌరసత్వం ఉన్న నా మిత్రుడొకరు డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతుంటే సామాను సర్దడానికి వెళ్లాను. ఆయన పిస్టల్ మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) వెనుకవైపు చిన్న రంధ్రాల పక్కన, ఎన్ని తూటాలు నిండాయో చెప్పే అంకెలు చెక్కి ఉన్నాయి. చివరిది 17. టెక్సాస్‌లో దానికి ఏ అభ్యంతరమూ లేదు. న్యూజెర్సీ మాత్రం 2018లోనే మ్యాగజైన్ పరిమితిని 15 తూటాల నుంచి 10కి తగ్గించి, అంతకు మించినది ఇంట్లో ఉంచుకోవడాన్నే నేరంగా చేసింది. ఆయన బయలుదేరకముందే అలాంటి మ్యాగజైన్లను లైసెన్సు ఉన్న డీలరుకు అమ్మేశారు.

పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒక తల్లి 2013లో న్యూజెర్సీ రోడ్డు మీద తన కారు ఆపిన పోలీసుకు తుపాకి ఉందని తానే చెప్పి అరెస్టయింది. పొరుగు రాష్ట్రపు పర్మిట్ అక్కడ చెల్లదని ఆమెకు తెలియదు. 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టేదాకా ఆమె మీద ఆ కేసు నీడ తొలగలేదు. ఈ ఉదంతం చెప్పినప్పుడల్లా నాకు మనసు కష్టమవుతుంది, ఎందుకంటే ఆమె దాచినది ఏమీ లేదు.

అసాల్ట్ తరహా (సైనిక ఆయుధాలను పోలిన) రైఫిళ్ల మీద ఫెడరల్ నిషేధం 1994లో వచ్చి 2004లో గడువు తీరింది. అప్పటినుంచి ఆ భారం రాష్ట్రాలదే. 2023 జనవరిలో ఇల్లినాయ్ వాటి అమ్మకాన్ని నిషేధించి, అప్పటికే ఉన్నవారిని 2024 జనవరి 1లోగా రాష్ట్ర పోలీసుల వద్ద నమోదు చేసుకోమంది. 2023 ఏప్రిల్‌లో వాషింగ్టన్ రాష్ట్రం అమ్మకాన్ని ఆపింది గాని, ఉన్నవాటిని ఉంచుకోనిచ్చింది. కోర్టులు దిశ మార్చిన సందర్భాలూ ఉన్నాయి: బంప్ స్టాక్‌ల (రైఫిల్ వేగంగా వరుసగా కాల్చేలా చేసే పరికరాల) మీద ఫెడరల్ నిషేధాన్ని 2024లో సుప్రీంకోర్టు కొట్టివేసినా, సొంత నిషేధమున్న రాష్ట్రాల్లో అవి నేరంగానే మిగిలాయి. అందుచేత స్నేహితుడు రెండేళ్ల కిందట చెప్పిన మాటను పట్టుకుని కాక, కొనే నాటికి ఆ రాష్ట్ర పోలీసు విభాగం వెబ్‌సైటులో ఉన్న నిబంధనను చదువుకుని అడుగు వేయండి.

ఇండియా ప్రయాణానికి ముందు మరొక జాగ్రత్త అవసరం. రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే విమానానికి వాడకండి. పక్క జేబులో మిగిలిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టవచ్చు. తెలియక ఉండిపోయిందని తరువాత కోర్టు నమ్మినా, అప్పటికి మీ సెలవులు అయిపోయి ఉంటాయి.