ట్రేలు మోసే రోబోను ఎలా పరీక్షించాలి?

విజయవాడలో మీ నాన్నగారు ఉంటున్న సీనియర్ లివింగ్‌లో భోజనం ట్రేలు మోసే రోబో పెడతామంటున్నారు, పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలని అడిగారు. డెమో చూసి మాత్రం తేల్చకండి. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ వాకర్లతో కారిడార్‌లోకి వచ్చినప్పుడు నడిపించమనండి.

ముందు గడప చూడండి. చిన్న చక్రాలు అక్కడే ఆగిపోతాయి, లేదా ఎక్కే కుదుపుకి సాంబారు ఒలుకుతుంది. ఇలాంటివి చాలావరకు లేజర్ కిరణంతో దారి చూసుకుంటాయి. ఆ కిరణం గాజు తలుపులోంచి దూసుకుపోతుంది, కాబట్టి అక్కడ తలుపుందని రోబోకి తెలియకపోవచ్చు. ఆ కిరణం ఎత్తుకన్నా కింద, గుమ్మం ముందు విడిచిన చెప్పులు రోబో కంటికి ఆనవు. అందుకే ఎదుటి వస్తువు ఎంత దూరంలో ఉందో పసిగట్టే కెమెరా (డెప్త్ కెమెరా) కూడా ఉందా అని అడగండి.

  

నెల రోజులు నోటుబుక్కులో రాయించండి: ఎన్ని ట్రేలు చేరాయి, ఎన్నిసార్లు ఆయా పరుగెత్తుకొచ్చి తోయాల్సివచ్చింది. మిగిలిన టైములో ఆయా పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటోందా, లేక ఆవిణ్ణే మానిపించేశారా? నాకైతే అసలు ప్రశ్న ఇదే.

మాట్లాడే రకమైతే, కట్టుడుపళ్లు తీసేసిన పెద్దాయన "కాసిని మంచినీళ్లు తేమ్మా" అంటే దానికి అర్థమవుతుందేమో కూడా చూడండి.