పాత క్రైస్తవ పద్యాల పుస్తకాలు మళ్లీ అచ్చువేసే చిన్న ప్రచురణ సంస్థ నిలబడుతుందా?

మీ ప్రశ్న చదివాను. తాతగారి ట్రంకు పెట్టెలో పాత క్రైస్తవ పద్యాల పుస్తకాలు దొరికాయని, ఇలాంటివి మళ్లీ అచ్చువేసే సంస్థ పెడితే నిలబడుతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నిలబడుతుంది. గుంటూరులో నేనూ మా అక్కా ఈ పని మొదలుపెట్టి ఎనిమిదేళ్లయింది, ఇప్పటికి 9 పుస్తకాలు వేశాం. దీంతో ఇల్లు గడవదు. నాకు బడిలో ఉద్యోగం, అక్కకు బ్యాంకులో ఉద్యోగం ఉన్నాయి. కానీ ఒక పుస్తకం అమ్మిన డబ్బుతో ఇంకో పుస్తకం వేయగలుగుతున్నాం. నిలబడటమంటే నా లెక్కలో అదే.

సంస్థకు పేరు, లోగో, ఫేస్‌బుక్ పేజీ అంటూ మొదలుపెట్టకండి. మీ దగ్గరున్న వాటిలో మీకు బాగా నచ్చిన ఒక్క పుస్తకం తీసుకుని, దాని పాఠం తప్పుల్లేకుండా తయారుచేయండి. పని మొత్తంలో కష్టమంతా అక్కడే ఉంది. మనం వేసిన ప్రతే రేపు మిగిలే ప్రతి కావచ్చు. అందులో తప్పు పడితే ఆ కవి పేరు మీద అదే ఉండిపోతుంది.

మా మొదటి పుస్తకం ఒక పల్లెటూరి మాస్టారు రాసిన కందపద్యాలు. అందులో ఒక పద్యం మమ్మల్ని మూడు రోజులు ఆపేసింది. రెండో పాదంలో మాత్రలు (పొట్టి అక్షరమైన లఘువుకు ఒకటి, దీర్ఘం లాంటి గురువుకు రెండు) లెక్కపెడితే 19 వస్తున్నాయి. కందంలో రెండో పాదానికి 5 గణాలు, 20 మాత్రలు ఉండి తీరాలి. చదివితే మాత్రం హాయిగా ఉంది, అర్థంలో ఎక్కడా లోపం లేదు. చివరికి అక్క పట్టుకుంది. ‘పదము’ అని ఉన్నచోట ‘పాదము’ ఉండాలి. ఎలా చదివినా ప్రభువు పాదమే, అందుకే మా కంటికి ఆనలేదు. స్కాన్ నుంచి అక్షరాలు తీసే సాఫ్ట్‌వేర్ దీర్ఘాన్ని మింగిందేమో అనుకుని పాత ప్రతి తీసి చూస్తే, అచ్చులోనే అలా ఉంది. అంటే అప్పట్లో అచ్చు అక్షరాలు పేర్చిన కంపోజిటర్ చేతిలో పోయింది. తర్వాత ఆ కవిగారి మనవరాలి ఇంటికి వెళ్లినప్పుడు ఆవిడ బీరువాలోంచి ఇంకో ప్రతి తీసిచ్చారు. అది ఆయన సొంత ప్రతి. ఆ పద్యం పక్కన ఊదారంగు సిరాతో దీర్ఘం దిద్ది ఉంది. ఆ పేజీ చూసి అక్క ఏడ్చింది. ఆయన బతికుండగా రెండో ముద్రణ రాలేదు. ఆ దిద్దుబాటు అన్నేళ్లు ఆ బీరువాలోనే ఉండిపోయింది.

అందుకని ఛందస్సు తెలిసిన మనిషిని ఒకరిని వెతుక్కోండి. యతి, ప్రాస, గణాలు చూసుకుంటూ పోతే పద్యమే తన తప్పును పట్టిస్తుంది, వచనానికి ఆ సదుపాయం లేదు. మీ ఊళ్లో రిటైరైన తెలుగు పండితులు ఎవరో ఒకరు ఉంటారు, మతం అడ్డు అనుకోకండి. మా పుస్తకాలన్నిటికీ ప్రూఫులు చూసేది ఒక శివాలయం వీధిలో ఉండే మాస్టారు. ఒక్క రూపాయి తీసుకోరు.

డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టించే పని దగ్గర జాగ్రత్త. మన దగ్గర చాలామంది ఇంకా పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే పాతరకం ఫాంట్లతోనే చేస్తారు. ఫోన్లలో, నెట్‌లో వాడే యూనికోడ్ పద్ధతిలో మనం టైపు చేసి ఇచ్చినదాన్ని వాళ్లు కన్వర్ట్ చేసేటప్పుడు కొన్ని గుర్తులు ఎగిరిపోతాయి. మా రెండో పుస్తకంలో అరసున్నలన్నీ అలాగే పోయాయి. 300 కాపీలు అచ్చయ్యి ఇంటికి వచ్చాక చూసుకున్నాం. ఆ సెంటరువాళ్లు తమ తప్పేం లేదన్నారు. చేసేదేం లేక తప్పొప్పుల పట్టిక విడిగా వేయించి, రాత్రుళ్లు కూర్చుని ఒక్కో పుస్తకంలో అంటించాం. అప్పటినుంచి యూనికోడ్‌లోనే పేజీలు కడుతున్నాం. ఫాంటు ఎంచుకునే ముందు అందులో ఁ, ఱ, ౘ, ౙ సరిగ్గా వస్తున్నాయో లేదో ఒక పేజీ ప్రింటు తీసి చూడండి. పాత పుస్తకాలకు ఈ నాలుగూ లేకపోతే కుదరదు.

ఇక హక్కుల సంగతి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు కాపీరైటు ఉంటుంది. క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి 1890లో పోయారు కాబట్టి ఆయన కీర్తనలు ఎవరైనా వేసుకోవచ్చు. జాషువా 1971లో పోయారు, కాబట్టి ఆయన రచనలకు 2031 చివరిదాకా హక్కులున్నాయి. ‘ఎంత పాత పుస్తకమో, ఎవరు అడుగుతారు’ అని మాత్రం అనుకోకండి. మా మొదటి పుస్తకం కవి, ఆ కందపద్యాల మాస్టారు 1968లో పోయారు, అంటే 2028 దాకా వారసుల అనుమతి కావాలి. మనవరాలు ఒక్కరే కాక మిగతా వారసులు కూడా సంతకం చేసిన కాగితం తీసుకున్నాం. అసలు ఆ అనుమతి కోసం వెళ్లబట్టే ఊదారంగు సిరా ప్రతి దొరికింది.

డబ్బు లెక్క కూడా చెబుతాను. డెమీ సైజులో 128 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు 8. 300 కాపీలకు పోయినసారి మాకు దాదాపు 25 వేలు అయింది, కాపీకి 85 రూపాయలు పడింది. వెల 150 పెట్టాం. దుకాణానికి 40 శాతం కమిషన్ ఇస్తే చేతికొచ్చేది 90. మిగిలేది 5 రూపాయలు, అదీ వాళ్లు డబ్బు పంపినప్పుడు. అందుకే మేం ఎక్కువగా నేరుగా అమ్ముతాం. అచ్చు పుస్తకాలకు జీఎస్టీ లేదు. ఐఎస్‌బీఎన్ నంబరు (ఒక్కో పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది, ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే చాలు. పోస్టుకు 2025 మే నుంచి తపాలా శాఖ తెచ్చిన జ్ఞాన్ పోస్ట్ మాలాంటివాళ్లకు ఊరట. 300 గ్రాముల లోపు ప్యాకెట్టుకు 20 రూపాయలు, 5 కిలోల దాకా అయినా 100 రూపాయలు, పైన పన్ను. ఇంకొకటి, చాలామంది వదిలేసేది: చట్టప్రకారం ప్రతి పుస్తకం 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మరో మూడు లైబ్రరీలకు ఒక్కో కాపీ పంపాలి. దయచేసి పంపండి. మన కాపీలన్నీ చెల్లాచెదురైనా ఆ నాలుగుచోట్ల ఉంటుంది.

చదివేవాళ్లు ఎవరు అన్నదే మీ అసలు టెన్షన్ అనుకుంటాను. మాకు రెండువైపులా గోడలు తగిలాయి. చర్చి సంఘంలో కొందరు ‘పద్యాలెందుకండీ, అవి మనవి కావు’ అన్నారు. సాహిత్య సభల్లో కొందరు అట్ట చూసి ‘మత ప్రచారమా’ అని పక్కన పెట్టేశారు. రెండు మాటలూ నాకు బాధ కలిగించాయి, ఎందుకంటే రెండూ నిజం కావు. 18వ శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి క్రీస్తు కథను ‘వేదాంత రసాయనము’ అనే ప్రబంధంగా రాశాడు. మన కీర్తనల పుస్తకం తెరవండి, పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పద్యం మనది కాకుండా ఎలా పోతుంది?

కాకపోతే ఈ మాటలు చెప్పి పుస్తకం అమ్మలేం, పద్యం వినిపించాలి. అక్క ఎక్కడికెళ్లినా ముందు రెండు పద్యాలు రాగం తీసి చదువుతుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో అలా చదువుతుంటే, వెనకనుంచి ఒక పెద్దావిడ తర్వాతి పాదం అందుకున్నారు. చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్నారట. అంతటితో ఆగలేదు, ఆ తర్వాతి పద్యం కూడా చెప్పారు. అది మా పుస్తకంలో లేదు. మా దగ్గరున్న పాత ప్రతిలో ఆ పేజీ చినిగిపోయింది. వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో వెతికినా మాకు ఇంకో ప్రతి దొరకలేదు. ఆవిడ చెబుతుంటే అక్క అక్కడే కీర్తనల పుస్తకం వెనక అట్ట మీద రాసుకుంది. ఇంటికొచ్చి మాత్రలు లెక్కపెట్టాం, నాలుగు పాదాలకు 64, సరిగ్గా సరిపోయాయి. రెండో ముద్రణలో ఆ పద్యం వేసి, కింద ఆవిడ పేరు, ఊరు వేశాం.

కాబట్టి లైబ్రరీలకు వెళ్లేముందు మీ తాతగారి తరంలో ఇంకా ఎవరున్నారో చూసి వాళ్ల దగ్గర కూర్చోండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పెట్టెలోని పుస్తకాలను ఇప్పుడే బైండింగుకు ఇవ్వకండి, అంచులు కత్తిరిస్తే మార్జిన్లలో రాసినవి పోతాయి. సెల్లోటేపు అసలే వేయకండి. కిటికీ వెలుగులో ప్రతి పేజీకి ఫోటో తీసి పెట్టుకోండి, ఖాళీ పేజీలతో సహా. ఆ పుస్తకాల కవుల పేర్లు ఇక్కడ రాస్తే, వాటిలో ఏవైనా మా దగ్గర ఉన్నాయేమో చూసి చెబుతాను.