షుగర్ అదుపులోనే ఉంది, మనిషి మాత్రం చిక్కిపోతున్నాడు: ఏం తిని బరువు పెరగాలి?

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. వయసు 41, టైప్ 2 షుగర్ అని తెలిసి పది నెలలు, రెండు రకాల మాత్రలు, అన్నం పూర్తిగా మానేశారు. గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.4కి దిగింది కానీ 70 కిలోల మనిషి 56కి వచ్చారు. షుగర్ పెరగకుండా మళ్లీ కాస్త ఒళ్లు చేయాలంటే ఏం తినాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాను, తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచర్ని. సరిగ్గా మీరున్న పరిస్థితిలోనే కొన్నేళ్ల క్రితం నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

నాకు 2018లో షుగర్ బయటపడింది. అప్పుడు వయసు 44, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 58 కిలోలు, హెచ్‌బీఏ1సీ 9.1. ఆ భయంతో మర్నాటి నుంచే అన్నం మానేశాను. పొద్దున గ్లాసుడు రాగిజావ, మధ్యాహ్నం ఒక చపాతీ, రాత్రి ఇంకో చపాతీ, ఆకలేస్తే కీరా ముక్కలు. నూనె అంటే భయం, నెయ్యి అంటే భయం, గుడ్డులో పచ్చసొన అంటే భయం. పైగా పొద్దున గంట, సాయంత్రం గంట నడక. ఎనిమిది నెలల్లో 47.5కి వచ్చాను. హెచ్‌బీఏ1సీ 6.2 అని రిపోర్టు వస్తే ఇంట్లో అందరం సంతోషపడ్డాం.

ఒకరోజు కందిపప్పు కడుగుతుంటే వేలి ఉంగరం జారి గిన్నెలో పడిపోయింది. వెతికి తీసి, తడి చెయ్యి తుడుచుకుందామని పైకెత్తితే గాజులు మోచేతి దాకా జారిపోయాయి. అదే వారం స్కూల్లో రెండో అంతస్తులో ఉన్న పదో తరగతి గదికి వెళ్తూ మధ్యలో ఆగి రెయిలింగ్ పట్టుకున్నాను. పిల్లలు "టీచర్, కుర్చీ తెమ్మంటారా" అన్నారు. తగ్గింది కొవ్వు మాత్రమే కాదు, కండ కూడా అని నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది. అప్పటికి నేను చూపించుకుంటున్న డాక్టరుకు చెబితే, "షుగర్ బాగుంది కదమ్మా, సన్నబడితే మంచిదే" అన్నారు. ఎత్తుకి తగ్గ బరువు లెక్క ప్రకారం నా బీఎంఐ 19, అంటే మామూలే. కానీ ఆ లెక్కకి కండ ఎంతో, కొవ్వు ఎంతో తెలియదు.

అందుకే తిండి సంగతికి వెళ్లే ముందు ఒక మాట. అనుకోకుండా 14 కిలోలు తగ్గడం చిన్న విషయం కాదండి. అన్నం మానేసినందుకే తగ్గాను అని మీరే తేల్చేసుకోవద్దు. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. అలాంటప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు. మీ షుగర్ అదుపులో ఉంది కాబట్టి అది కారణం కాకపోవచ్చు. కానీ మీ రెండు మాత్రల్లో ఒకటి డాపాగ్లిఫ్లోజిన్ లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ అయితే దాని పనే చక్కెరను మూత్రంలోకి పంపడం. బరువు ఎక్కువున్న వాళ్లకు అది మేలు, మీలా చిక్కిపోతున్న వాళ్లకు అది సరైన మందేనా అని డాక్టర్ని అడిగి తీరాలి. ఇంకో సంగతి, ఆ రకం మాత్ర వేసుకుంటూ అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు) పేరుకుని ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. షుగర్ మామూలుగా కనిపిస్తూనే అలా జరగొచ్చు. ఆయాసం, వాంతులు, బాగా నీరసం ఉంటే రేపు చూద్దాంలే అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు. మెట్‌ఫార్మిన్ కూడా కొంతమందికి ఆకలి తగ్గిస్తుంది, చాలాకాలం వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు.

నేను తర్వాత గుంటూరులో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ థైరాయిడ్, ఛాతీ ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్, బీ12, సీ-పెప్టైడ్, గ్యాడ్ యాంటీబాడీ పరీక్షలు రాశారు. ఎందుకన్ని అని అడిగాను. సన్నగా ఉండి ఇంకా తగ్గిపోతున్న వాళ్లలో కొందరిది నిజానికి టైప్ 2 కాదట. ఒంట్లో ఇన్సులిన్ తయారీయే తగ్గిపోతూ, పెద్దవాళ్లలో నెమ్మదిగా వచ్చే టైప్ 1 లాంటిది ఉంటుంది. సీ-పెప్టైడ్, గ్యాడ్ పరీక్షల్లో అది తెలుస్తుంది. ఇన్సులిన్ తయారుచేసే పాంక్రియాస్‌లో రాళ్లో, ఇంకేదైనా జబ్బో ఉందేమో స్కానింగ్‌లో చూస్తారు. ఎక్స్‌రే టీబీ కోసం. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే ఎక్కువ. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతున్నా ఇంకా ఆలస్యం చేయొద్దు. నాకు బీ12 తక్కువని తేలింది, మిగతావన్నీ బాగున్నాయి. ఒకవేళ మీకు ఇన్సులిన్ కావాలని తేలితే, అది ఆఖరి దశలో ఇచ్చేది అనుకుని బెంగపడకండి. ఇన్సులిన్ లేకపోతే కండ నిలవదు. ఇంజెక్షన్ మొదలుపెట్టాకే మళ్లీ మనిషిలా అయిన బంధువు మా ఇంట్లోనే ఉన్నాడు.

ఇక తిండి. బరువు పెరగాలనగానే మనవాళ్లు చెప్పేవి మీకు తెలిసినవే: అరటిపండు, పాలు, ఖర్జూరం, సున్నుండలు. మా అమ్మ డబ్బాడు సున్నుండలు పంపింది. అరటిపండు, ఖర్జూరం పాలల్లో వేసి మిక్సీ పట్టి తాగితే రెండు గంటల తర్వాత మీటరు 287 చూపించింది. ఆ దారిలో పెరిగితే షుగర్ పెరుగుతుంది, షుగర్ పెరిగితే మళ్లీ చిక్కిపోతాం. షుగర్ ఫ్రీ బిస్కెట్లూ అంతే, పంచదార ఉండకపోయినా వాటిలో పిండి ఉంటుంది. డబ్బాల్లో వచ్చే పౌడర్లు కొనేముందు వెనక చీటీ చదవండి, చాలావాటిలో మాల్టోడెక్స్‌ట్రిన్ ఉంటుంది. అదీ చక్కెర లాగే పైకి లేపుతుంది.

నా తప్పు ఎక్కడుందో గుంటూరు డాక్టరు ఒక్క ముక్కలో చెప్పారు: "అన్నం తీసేశావు, దాని చోటు ఖాళీగా వదిలేశావు." అన్నం తగ్గిస్తే తగ్గిన కేలరీలు ఇంకో దాన్నుంచి రావాలి, అది మాంసకృత్తులు, మంచి కొవ్వు అయితే షుగర్ అంతగా లేవదు. గ్రాము కొవ్వులో 9 కేలరీలు, గ్రాము పిండిపదార్థంలో 4. లెక్కల మనిషిని కదా, ఇది విన్నాక నా భయం సగం పోయింది. రోజుకి మూడు వందల కేలరీలు అదనంగా పడితే చాలు, అంతకంటే తొందర వద్దన్నారు. గుప్పెడు వేరుశెనగ గుళ్లు, అంటే 30 గ్రాములు, సుమారు 170. ఒక గుడ్డు 70. చెంచా నెయ్యి 45. ఇవి మూడూ కలిస్తే దాదాపు సరిపోయాయి. ఒక్క లడ్డూ అవసరం రాలేదు.

పొద్దుటి టిఫిన్ దగ్గర మాత్రం నేను చాలా పట్టుదలగా ఉన్నాను. రెండు వారాలు వరసగా ఒక్కో టిఫిన్ తిని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి సరిగ్గా రెండు గంటలకు వేలు పొడుచుకుని చూశాను. స్కూల్లో స్టాఫ్ రూమ్ కిటికీ దగ్గర కూర్చుని చూసి, లెసన్ ప్లాన్ పుస్తకం వెనక పేజీలో రాసుకునేదాన్ని. పరగడుపున 110, 115 ఉన్న రోజుల్లో రాగిజావ తాగితే 214. నాలుగు ఇడ్లీ, పల్చటి సాంబారుతో 196. ఉప్మా 205. రెండు పెసరట్లు, వేరుశెనగ పచ్చడి, ఒక ఉడికించిన గుడ్డు తిన్న రోజు 146. కడుపు నిండింది, కేలరీలు జావ కంటే ఎక్కువ, షుగర్ మాత్రం తక్కువ. రాగులు మంచివే, సంకటి ముద్దగా ఆకుకూర పప్పుతోనో, చికెన్ పులుసుతోనో తింటే నాకు అంత లేవలేదు. పిండిని పల్చగా జావ కాచి గటగటా తాగడమే ఇబ్బంది. ఈ అంకెలు నా ఒంటివి, మీవి వేరే ఉంటాయి. అందుకే స్ట్రిప్‌ల ఖర్చు గురించి ఆలోచించకుండా పది రోజులు మీరూ చూసుకోండి.

పెసరట్టుకి పెసలు ముందురోజు రాత్రి నానబెట్టి పొట్టుతోనే రుబ్బుతాను, బియ్యం వేయను. అట్టు విరిగిపోతుంటే గుప్పెడు మినప్పప్పు కలుపుతాను. పైన ఉల్లిపాయ, అల్లం, పచ్చిమిర్చి. పెనం మీద నూనె ధారాళంగానే వేస్తాను, ఆ నూనె మనకి కావలసిందే.

పదకొండు గంటల ఇంటర్వెల్‌లో వేయించిన వేరుశెనగ గుళ్లు, లేకపోతే శనగల గుగ్గిళ్లు, బొబ్బర్ల గుగ్గిళ్లు. మధ్యాహ్నం అన్నం తిరిగి మొదలుపెట్టాను, మీరూ మొదలుపెట్టండి. మొదట్లో 150 గ్రాముల అన్నం తూచుకుని పెట్టుకున్నాను, మా ఇంట్లో ఒక స్టీలు గిన్నెకి సరిగ్గా అంత పడుతుంది, ఇప్పుడు ఆ గిన్నే కొలత. ముందు కూర, పప్పు కొంత తినేసి తర్వాత అన్నంలోకి వెళ్తాను. ఈ వరస మార్చినందుకే నాకు ముప్ఫై దాకా తేడా వచ్చింది. పప్పు ముద్దగా, చిక్కగా ఉండాలి. నీళ్ల చారుతో కడుపు నింపుకుంటే ఒంటికి ఏమీ అందదు. మొదటి ముద్దలోకి నువ్వుల కారప్పొడి, చెంచా నెయ్యి. ఆ పొడి మా అమ్మే సున్నుండలకు బదులు పంపడం మొదలుపెట్టింది: వేయించిన నువ్వులు, వేరుశెనగ గుళ్లు, ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉప్పు. వారంలో మూడు రోజులు చేపల పులుసు. ఆఖర్న గడ్డపెరుగు, మజ్జిగ కాదు.

సాయంత్రం పంచదార లేని పాలు ఒక గ్లాసు, నాలుగు బాదం. రాత్రి ఒకటిన్నర జొన్నరొట్టె, పనీరో చికెనో గుడ్ల కూరో. మాంసం తినని వాళ్లైతే సోయా, పనీరు, ఉలవలు, పెరుగు కొంచెం ఎక్కువ పట్టించాలి. రోజుకి మాంసకృత్తులు ఎంత అంటే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ఆరోగ్యవంతులకు కిలో బరువుకి 0.83 గ్రాములు. నాకు డాక్టరు కిలోకి 1.2 దాకా వెళ్లమన్నారు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చూసిన తర్వాతే. కిడ్నీలో ఏమాత్రం తేడా ఉన్నా ఈ అంకె మారిపోతుంది. ఆ పరీక్ష చేయించకుండా పెంచొద్దు. నెయ్యి, గుడ్లు పెంచాను కాబట్టి ఆరు నెలలకోసారి కొలెస్ట్రాల్ కూడా చూపించుకుంటున్నాను.

తిండి ఒక్కదానితో అయితే పొట్ట పెరుగుతుంది, కండ పెరగదు. కండ పెరిగితేనే షుగర్‌కి మేలు, అన్నం తిన్నాక వచ్చిన చక్కెరలో ఎక్కువ భాగం దాచుకునేది కండే. అందుకని రెండు గంటల నడక మానేసి అరగంటకి తగ్గించాను, భోజనం తర్వాత పావుగంట మాత్రం తప్పనిసరి. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తోయడం, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తడం. మొదటి రోజు కుర్చీలోంచి ఆరుసార్లు కూడా లేవలేకపోయాను, తొడలు వణికాయి. మూడు నెలలకు ఇరవై సార్లు లేచేదాన్ని. మీ మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంటే వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినప్పుడు షుగర్ పడిపోయే అవకాశం ఉంది. చెమటలు, వణుకు వస్తే తినడానికి జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి.

బరువు ఆదివారం పొద్దున పరగడుపున ఒక్కసారే చూసుకునేదాన్ని. మొదటి నెల ముల్లు కదల్లేదు, ఏడుపొచ్చింది. తర్వాత నెలకి సుమారు నాలుగు వందల గ్రాములు. పద్నాలుగు నెలలకి 53 దగ్గర ఆగింది. హెచ్‌బీఏ1సీ 6.2 నుంచి 6.6 అయింది. మొదట్లో దానికీ టెన్షన్ పడ్డాను. డాక్టరు 7 లోపు ఉంది, పైగా మెట్లెక్కుతున్నావు, ఈ 6.6 ఆ 6.2 కంటే నయం అన్నారు. నాకూ అలాగే అనిపిస్తోంది.

మీరు ఈ వారం పరీక్షల సంగతి చూడండి, అన్నిటికంటే ముందు ఆ మాత్రల పేర్లు. ఈలోగా వేరుశెనగ గుళ్లు, గుడ్డు మొదలుపెట్టడానికి, మీకు పడనివి కాకపోతే, ఆగాల్సిన పనేమీ లేదు. సీ-పెప్టైడ్ ఎంత వచ్చిందో, పొద్దున టిఫిన్ ఏం తింటున్నారో ఇక్కడే రాయండి. మీ ఇంట్లో వండుకునే వాటిలోనే ఏది పెంచొచ్చో, ఏది మార్చొచ్చో చూద్దాం.